జారుడుబల్ల దగ్గర ఆగిపోయే పిల్లల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి మార్కుల గురించి కాదు, గ్రౌండ్ గురించి రాస్తున్నాను. మొన్న మీటింగులో నర్సరీ, యూకేజీ అమ్మలు చాలామంది అడిగింది ఒకటే, "మావాడు జారుడుబల్ల ఎక్కడు మేడమ్, ఉయ్యాల కాస్త పైకి లేస్తే ఏడుస్తాడు, మెట్లు దిగాలంటే చెయ్యి వదలడు, ఏం చేయమంటారు?" అడుగుతున్నంతసేపూ పిల్లవాడు పక్కనే నిలబడి అంతా వింటున్నాడు. దయచేసి ముందు అది మానేయండి. వీడు పిరికి అని వాడి ముందే పదిమందికీ చెప్తుంటే వాడూ అదే నమ్ముతాడు.

కొందరు పిల్లలు పుట్టుకతోనే అంతే, కొత్త మనిషైనా, కొత్త చోటైనా, ఎత్తైనా ముందు ఆగి చూస్తారు. జెరోమ్ కేగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు నెలల పసివాళ్ల నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఈ స్వభావాన్నే గమనించారు. కాబట్టి నీ గారాబం వల్లే అని ఇంట్లో ఒకరినొకరు అనుకోవద్దు. అయితే మన మొహం మాత్రం పిల్లల మీద చాలా పనిచేస్తుంది. 1985లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో ఏడాది పిల్లల్ని గాజు పలక పరిచిన బల్ల మీద వదిలారు, సగం దాటాక గాజు కింద కొంచెం లోతు కనిపిస్తుంది, అవతలి చివర అమ్మ ఉంటుంది. అమ్మ నవ్వుతూ చూస్తే 19 మందిలో 14 మంది దాటి వచ్చారు, అమ్మ భయపడ్డట్టు మొహం పెడితే 17 మందిలో ఒక్కరు కూడా రాలేదు. మనం కింద నిలబడి "జాగ్రత్త, పడతావ్!" అని అరిచినప్పుడు పిల్లవాడికి అందేది ఆ మొహమే. దాని బదులు పనికొచ్చే మాట చెప్పండి: "కడ్డీ గట్టిగా పట్టుకో", "కింద మెట్టు కాలికి తగిలిందా?", "వెనక్కి తిరిగి దిగు నాన్నా".

మా యూకేజీలో ఒక పాప చాలా రోజులు జారుడుబల్ల దగ్గరికి వచ్చి ఊరికే నిలబడేది. తర్వాత కడ్డీ మీద చెయ్యి వేసి, మిగతా పిల్లలు జారి కింద ఇసుకలో కూలబడటం చూసేది. ఒకరోజు రెండు మెట్లెక్కి, రెండో మెట్టు మీద కాలి వేళ్లు ముడుచుకుని కాసేపు నిలబడి దిగిపోయింది. మా ఆయమ్మ "శభాష్" అని అరవలేదు, పైకి తోయలేదు, పక్కనే ఉంది, అంతే. ఆ ఓపికే ఇంట్లోనూ కావాలి, అది తేలిక కాదని నాకు తెలుసు.

పిల్లవాడు తానుగా ఎక్కలేని చోటికి ఎత్తి కూర్చోబెట్టకండి, ఎక్కడం రాని చోటి నుంచి దిగడమూ రాదు. భయపడుతున్నాడని ఒళ్లో కూర్చోబెట్టుకుని కూడా జారకండి, పిల్లల కాలు బల్ల అంచుకి తట్టుకుంటే పెద్దవాళ్ల బరువు తోడై ఎముక విరుగుతుంది, నిజంగా జరిగేవే ఇవి. మన బెజవాడ ఎండల్లో ఇనప బల్లని ముందు మీ అరచేత్తో తాకి చూడండి, ఒక్కసారి చర్మం కాలితే ఆ భయం తియ్యడం చాలా కష్టం. దుర్గమ్మ కొండకి మెట్లదారిన వెళ్తే ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే పిల్లలు బెదురుతారు, లోతు కళ్లకి కనబడుతుంది కదా, అందుకే తాతయ్యో నాన్నో ఒక మెట్టు కిందుగా, వాడి ముందు దిగండి. నీళ్ల భయం పోగొట్టాలంటే మాత్రం కృష్ణ ఘాట్లు వద్దే వద్దు, లోతు తక్కువున్న ఈతకొలనులో, మీ చేతికందే దూరంలో మొదలుపెట్టండి.

నాలుగేళ్లు దాటినా రెండు కాళ్లూ కలిపి ఎగరలేకపోతే, చదునైన నేల మీద తరచూ పడిపోతుంటే, లేదా ఇదివరకు చేసినవి ఇప్పుడు చేయలేకపోతుంటే అది భయమని సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి, కళ్లు కూడా పరీక్ష చేయించండి.

ఇకమీదట శనివారాల్లో బడి వదిలాక గంటసేపు చిన్నపిల్లల గ్రౌండ్ తెరిచే ఉంచుతాం, రద్దీ ఉండదు, తోసేవాళ్లు ఉండరు. రండి, బూట్లు విప్పించండి, ఉత్త కాళ్లకి మెట్టు మీద పట్టు దొరుకుతుంది. వీడియోలు తీయొద్దు. ఆ రోజు ఒక్క మెట్టూ ఎక్కకపోయినా ఏమీ అనకుండా ఇంటికి తీసుకెళ్లండి.

మీ హెడ్ మిస్ట్రెస్