చెయ్యి తీసే వేళ నేర్పినవాళ్లకు దండాలు

చుక్క నిన్న నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి ఇచ్చింది. అది రెండేళ్ల మార్వాడీ జాతి ఆడ గుర్రప్పిల్ల. మూడు నెలల కిందట లాయం గుమ్మంలో మనిషి నీడ పడితే చాలు, వెనక గోడకు కరుచుకుపోయేది. దాన్ని మచ్చిక చేయడం మాకు నేర్పిన మీరంతా పేర్లు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి మీరు చేసిన పనులే రాస్తున్నాం. బెదురు గుర్రం ఇంకెవరి దగ్గరున్నా అక్కరకొస్తాయి.

మొదటి దండం మలక్‌పేట రేసుల్లో ఏళ్ల తరబడి సాయిసుగా, అంటే గుర్రాలను చూసుకునే పని, చేసిన చాచాకి. మొదటి వారమంతా గుర్రాన్ని ముట్టుకోనివ్వలేదు. పూటకు పావుగంట, రోజుకు రెండు పూటలు, లాయంలో దానికి పక్కకు తిరిగి నిలబడడం, అంతే పని. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. సరిగ్గా నుదుటి ముందు కాస్త, తోక వెనక కాస్త కనబడదు. అందుకని భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లాలి. చెవి మనవైపు తిప్పి నిలకడగా ఉందా, మనమే ఒక అడుగు వెనక్కి వేయాలి. దగ్గరకు రానిస్తుంటే వెనక్కి పోవడమేంటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ‘ఊరుకుంటే మనిషి తప్పుకుంటాడు’ అని దానికి తెలియాల్సింది అప్పుడే. తల విదిలించినప్పుడు తప్పుకున్నామా, విదిలించడం మనమే నేర్పినట్టు. చాచా చదువంతా ఇంతే: చెయ్యి వేస్తే గుర్రం ఏమీ నేర్చుకోదు, చెయ్యి తీసినప్పుడు నేర్చుకుంటుంది.

మొదటి తాకుడు మొహం మీద కాదు. జూలు ముగిసి వీపు మొదలయ్యే చోట, చేతి వెనక వైపుతో. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గీక్కునేది అక్కడే. అక్కడ గీకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లోని కామార్గ్ గుర్రాల మీద చేసిన పరిశోధనలో కూడా తేలింది. గీకాలి, చరచకూడదు. ‘శభాష్’ అంటూ మెడ మీద కొట్టే దెబ్బ మనకు ముద్దు, దానికి దెబ్బే.

కదలకుండా నిలబడింది కదా అని మోసపోకండి. భయంతో కొయ్యబారిన గుర్రం కూడా కదలదు. ముక్కుపుటాలు బిగిసి, ఊపిరి ఆపి, చర్మం చెక్కలా ఉంటే అది ఓర్పు కాదు, దూకడానికి ముందు నిమిషం. నిజంగా ఒళ్లు వదిలేసినప్పుడు తల దిగుతుంది, కింది పెదవి వేలాడుతుంది, వెనక కాలొకటి సడలి గిట్ట కొస మీద ఆనుతుంది. ఇక మార్వాడీల చెవి కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి. కొసలు చూసి ఏం పోల్చుకోలేం, మొదలు ఎటు తిరిగిందో చూడాలి.

చాచా ఇచ్చిన పన్నెండడుగుల నూలు తాడుకు వేరే దండం. మడతలు వేసి పట్టుకోవాలి తప్ప చేతికి చుట్టుకోకూడదు, గుర్రం దూకితే వేళ్లు పోతాయి. నడిపించేటప్పుడు ఎదురుగా లాగితే కాళ్లు పాతేస్తుంది. కాస్త పక్కకు లాగితే ఆనిక తప్పి ఒక అడుగు వేయక తప్పదు. ఆ అడుగు పడేదాకా కూడా ఆగకుండా, బరువు అటు వాలగానే తాడు వదులు చేయాలి. లాగుడుకు లొంగడం రాని పిల్లను గుంజకు కడితే వెనక్కి గుంజుకుని మెడ విరుచుకుంటుంది. వచ్చాక కూడా ఒక్క లాగుతో ఊడే ముడే వేయాలి. విరాటుడి కొలువులో గుర్రాలు చూసుకున్న నకులుడికి దామగ్రంథి అని పేరు, అంటే తాడుముడి. ఊరికే పెట్టుకోలేదు ఆ పేరు.

పశువుల డాక్టరమ్మగారికి దండం, నోట్లో మందు వేయడానికి సూది లేని సిరంజి చిట్కా చెప్పినందుకు. ముందుపళ్లకీ దవడపళ్లకీ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. పెదవి మూల నుంచి అక్కడికి, పది రోజులపాటు రోజూ సాయంత్రం కాస్త బెల్లం నీళ్లు. పదకొండో రోజు నులిపురుగుల పేస్టు. మొహం చిట్లించింది గానీ తల ఎత్తలేదు.

గిట్టలు కోసి లాడాలు కొట్టే నాల్‌బందు అన్నకు అందరికంటే ఎక్కువ రుణపడ్డాం. పారిపోవడమే గుర్రానికి రక్షణ. కాలు పట్టుకుంటే ఆ దారి మూసినట్టే. అన్న వెనక కాళ్లను మొదట చేత్తో తాకలేదు. వెదురు కర్రకు గుడ్డ కుక్కిన పాత సాక్సు తొడిగి, తొడ నుంచి మడమ దాకా నిమిరాడు, తంతే కర్రకే తగులుతుంది. తన్నినా కర్ర తీయలేదు, కాలు నేల మీద పెట్టగానే తీశాడు. తర్వాత చేత్తో: రెండు సెకన్లు ఎత్తడం, కాలు బరువు వదిలాక నేలకు ఆనించడం, మర్నాడు ఐదు, తర్వాత పది. అది లాక్కున్నప్పుడు వదిలితే వారం పని పోయినట్టే. ఆకురాయి చప్పుడుకు అలవాటు పడేదాకా గిట్ట మీద చెక్కముక్కతో తట్టాడు. మొదటిసారి గిట్టలు కోసింది రోజుకొక్కటి చొప్పున, నాలుగు రోజులు. నాలుగు సార్లు బండేసుకుని వచ్చాడు, కూలి మాత్రం ఒక్కరోజుదే తీసుకున్నాడు.

మా వల్ల జరిగిన రెండు తప్పులు మీరే పట్టుకున్నారు. క్యారెట్ చేత్తో పెట్టడంతో జేబులు కొరకడం మొదలెట్టింది, ఇప్పుడు తొట్టిలోనే వేస్తున్నాం. పనంతా ఎడమవైపు నుంచే చేయడంతో కుడివైపు వెళ్తే కొత్త గుర్రంలా ఉలిక్కిపడింది, అటు మళ్లీ మొదటి నుంచి.

వెనక వీధి డప్పుల కుర్రాళ్లకూ థ్యాంక్స్. చుక్క గడ్డి తినే వేళకు పొలం అవతలి గట్టు మీద తీన్‌మార్ మెల్లగా కొట్టి, అది నమలడం ఆపితే ఆగి, మళ్లీ నమిలితే కొట్టి, రోజుకు పదడుగులు దగ్గరకు వచ్చారు. ఇప్పుడు లాయం గోడ దాకా వచ్చారు. టపాసులకు మాత్రం ఇంకా టైముంది, పెళ్లిళ్లప్పుడు ముందుగా చెప్తే చాలు.

చాచా, మీ తాడు ఉతికి ఆరేశాం. తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కుడివైపు నుంచి రండి, ఎలా నిలబడుతుందో మీరే చూద్దురుగాని.