2025 వార్షిక నివేదిక: గీత మారింది, బస్సు పోయింది

మన కాలనీ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో ఉగాది ఎంత బాగా జరిగింది, బతుకమ్మకి ఎంతమంది వచ్చారు, వినాయకుడి లడ్డూ ఎవరు పాడుకున్నారు అని రాసుకునేవాళ్లం. అవన్నీ ఈసారీ జరిగాయి, ఫోటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి, జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా పంపారు. ఈ ఏడాది మన సమయంలో సగానికి పైగా తినేసింది స్కూల్ బౌండరీల గొడవ, అంటే ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) గీసే గీతల గొడవ. దాని గురించే రాస్తాను, మన తప్పులతో సహా.

కొత్తగా కాలనీకి వచ్చినవాళ్ల కోసం ముందు కథ కొంచెం. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లలో ఏళ్ల తరబడి ఒకటే పాట: పిల్లలు పెరుగుతున్నారు, ఇంకో స్కూల్ కట్టాలి. ఇప్పుడది తిరగబడింది. ఇళ్ల ధరలు చూసి చిన్నపిల్లలున్నవాళ్లు ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాస్పర్, సెలైనా ఊళ్ల వైపు పోతున్నారు, పాత కాలనీల్లో పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయినా అమ్మానాన్నలు ఆ ఇళ్లలోనే ఉంటున్నారు, అసలు పుట్టే పిల్లలే తగ్గారు. టెక్సస్‌లో రాష్ట్రం డబ్బు ఇచ్చేది రోజూ బడికి హాజరయ్యే పిల్లల లెక్కన. ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయి, 2025లో 55 డాలర్లు పెరిగింది. (అవును, యాభై అయిదే.) అందుకే ప్లేనో డిస్ట్రిక్ట్ 2024 జూన్‌లో నాలుగు స్కూళ్లు మూసెయ్యాలని ఓటేసింది, లూయిస్‌విల్ అదే ఏడాది డిసెంబరులో అయిదు ఎలిమెంటరీ స్కూళ్లు మూసెయ్యాలంది, కొప్పెల్‌లో పింకర్టన్, ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్ కూడా ఆ వరసలోనే మూతపడ్డాయి. ఒకటి మూస్తే అందులోని పిల్లల్ని పక్కదాంట్లో సర్దాలి, పక్కదాంట్లో చోటు కావాలంటే అక్కడివాళ్లని ఇంకో పక్కకి జరపాలి. మన మిడిల్ స్కూల్ ఎవరూ మూయలేదు. అలా జరుపుకుంటూ వచ్చి గీత మన కాలనీ దాటింది, అంతే.

కొత్త గీతల మ్యాప్ బయటికొచ్చిన రోజు మన గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు మళ్లీ చదివాను. అన్నీ రేటింగ్ గురించే. కొత్త స్కూల్‌కి రెండు పాయింట్లు తక్కువంట, ఇల్లు అమ్మితే ఎంత పోతుంది, పై స్థాయి గణితం క్లాసులు అక్కడ ఉంటాయా లేదా. క్లబ్‌హౌస్‌లో మూడు మీటింగులు పెట్టాం, మూడింట్లోనూ అదే. పిటిషన్ రాశాం, స్కూల్ బోర్డు మీటింగ్‌కి పచ్చ చొక్కాలు వేసుకుని వెళ్లాం, వాళ్లు వినయంగా విన్నారు, ఓటు మాత్రం మ్యాప్‌కే వేశారు. మనం అడుగుపెట్టేసరికే జనాభా అంచనాల నివేదిక వచ్చి నెలలైంది, గీతలు చూసే కమిటీ కూర్చుని లేచింది. ఆ కమిటీకి తల్లిదండ్రుల్లోంచి దరఖాస్తులు అడిగినప్పుడు మన కాలనీ నుంచి ఒక్కరూ పెట్టలేదు, నాతో సహా.

ఇంత హడావుడిలో బస్సు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆగస్టులో, స్కూల్ తెరవడానికి పది రోజుల ముందు, బస్సు ఎవరికి ఉంటుందో చెప్తూ ఉత్తరాలు వచ్చాయి. టెక్సస్‌లో మామూలు పిల్లలకి డిస్ట్రిక్ట్ బస్సు నడిపి తీరాలన్న రూలు లేదు. ఇంటి నుంచి స్కూల్‌కి రోడ్డు వెంట రెండు మైళ్లు, ఆపైన ఉన్నవాళ్లకయితే రాష్ట్రం రవాణా డబ్బు ఇస్తుంది కాబట్టి చాలా డిస్ట్రిక్టులు అక్కడే గీత గీస్తాయి. పాత స్కూల్‌కి మనం రెండు మైళ్ల పైన ఉండేవాళ్లం, అందరికీ బస్సు వచ్చేది. కొత్తది దగ్గర. ఎంత దగ్గరంటే రెండు మైళ్ల గీత సరిగ్గా క్లబ్‌హౌస్ దగ్గర కాలనీని కోసేసింది. ఉత్తరం వీధుల వాళ్లకి బస్సు, దక్షిణం వీధుల వాళ్లకి నడక. ఎదురెదురు ఇళ్లలో ఉండి ఒకే క్లాసు చదివే ఇద్దరు పిల్లల్లో ఒకడు బస్సెక్కుతాడు, ఇంకొకడు నిలబడి చూస్తాడు. పోనీ వాడూ ఆ స్టాప్‌కే నడిచి వెళ్లి ఎక్కుతాడంటే లిస్టులో పేరు లేదన్నారు. నడక అంటే 1.9 మైళ్లు, మధ్యలో ఆరు వరసల రోడ్డు, ఆగస్టు ఎండ.

కార్లు లేవా అంటారేమో. రెండు వీధుల అవతల ఉండే ఒక చెల్లెమ్మ సంగతి చెప్తాను. ఆమెది హెచ్4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఉండే వీసా), పొడిగింపు ఇంకా రాలేదు. ఇక్కడ ఉండే అనుమతి గడువుతోపాటు డ్రైవింగ్ లైసెన్సు గడువూ అయిపోయింది, ఇక్కడ అది అలాగే ముడిపడి ఉంటుంది. వాళ్లాయన ఆఫీసు వారానికి అయిదు రోజులు రమ్మంది. ఇంటి ముందు కారుంది, నడిపే దారి లేదు. "అన్నా, రేటింగ్ ఏదైనా పర్లేదు, బస్సు ఒక్కటి చూడండి" అంది. మూడు మీటింగుల్లో మేం పట్టుకోలేని విషయం అది.

అప్పుడు మొదలుపెట్టాం. రెండు మైళ్ల లోపల ఉన్నా దారి ప్రమాదకరమని బోర్డు గుర్తిస్తే బస్సు వేయొచ్చు, దానికీ రాష్ట్రం కొంత ఇస్తుంది. మనవాళ్లు వారం రోజులు పొద్దున ఏడింటికి ఆ సిగ్నల్ దగ్గర నిలబడి వీడియో తీశారు, కాలిబాట ఎక్కడ తెగిపోయిందో ఫోటోలు తీశారు.

సెప్టెంబరులో మన దారి సంగతి బోర్డు ఎజెండాలోకి వచ్చింది. మన దగ్గర మాట్లాడడానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. అయితే అనువాదం చేయించుకుంటూ మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని 2019లో వచ్చిన టెక్సస్ చట్టం చెబుతోంది. ఇది తెలిశాక దక్షిణం వీధి అమ్మమ్మగారిని తీసుకెళ్లాం, విజిట్‌కి వచ్చి ఉన్నారు. పదో తరగతి అమ్మాయి పక్కన నిలబడి ఇంగ్లీషు చెప్పింది. "మా మనవరాలికి పదకొండేళ్లండి. తోడు నేను నడుద్దామంటే రోడ్డు సగం దాటేసరికి మీ లైటు మారిపోతోంది. మధ్యలో ఉన్న గట్టు మీద నిలబడిపోయాం ఇద్దరం, అటూ ఇటూ కార్లు. మీరొకసారి వచ్చి నాతో దాటండి." ఆ అమ్మాయి చివరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది, చెప్పనా వద్దా అన్నట్టు. చెప్పేసింది. ఒక ట్రస్టీ, అంటే బోర్డు సభ్యుల్లో ఒకరు, నిజంగానే తర్వాతి వారం వచ్చారు, దాటారు.

ఫలితం: బస్సు రాలేదు. డ్రైవర్ల కొరత అన్నారు, వచ్చే ఏడాది మళ్లీ చూస్తామన్నారు. క్రాసింగ్ గార్డుని పెట్టారు, సిటీ వాళ్లు నడిచేవాళ్ల సిగ్నల్ సమయం పెంచారు. అమ్మమ్మగారు తిరుగు ప్రయాణానికి ముందు సరిగ్గా నాలుగుసార్లు తీరిగ్గా దాటి చూసుకుని వెళ్లారు.

ట్రాన్స్‌ఫర్ల గురించి చాలామంది అడుగుతున్నారు. పాత స్కూల్లోనే చివరి ఏడాది చదివేవాళ్లని ఉండనిచ్చారు, మిగతావాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది: ఏటా మళ్లీ పెట్టుకోవాలి, దింపడం తేవడం పూర్తిగా మీదే, హాజరు బాగోకపోతే వెనక్కి తీసుకోవచ్చు. హైస్కూల్ పిల్లల్లో ఎవరైనా టెన్నిస్, ట్రాక్ ఆడుతుంటే, మీ అంతట మీరు ట్రాన్స్‌ఫర్ తీసుకునే ముందు కోచ్‌ని అడగండి, వర్సిటీ (హైస్కూల్ ప్రధాన) జట్టులో ఆడే అర్హత ఒక ఏడాది పోయే ప్రమాదం ఉంది.

అక్టోబరు నుంచి కార్‌పూల్ నడుపుతున్నాం. నవంబరులో ఒక సాయంత్రం షీటులో పేర్లు నేనే తారుమారు చేశాను, ఇద్దరు డ్రైవర్లూ రెండోవాళ్లు తెస్తారనుకున్నారు, ఒక బాబు స్కూల్ ఆఫీసు ముందు బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాడు. తప్పు నాది, వాళ్లింటికి వెళ్లి చెప్పాను. వాడు మాత్రం, "పర్లేదు అంకుల్, ఆఫీసు ఆంటీ చిప్స్ ఇచ్చింది" అన్నాడు. అప్పటి నుంచి పిల్లలు ఎక్కగానే గ్రూపులో పేరుతో మెసేజ్ పెట్టాలని రూలు పెట్టాం, దయచేసి థంబ్స్-అప్ పెట్టి ఊరుకోకండి.

కొత్త స్కూల్ ఎలా ఉంది అంటే, బాగానే ఉంది. సైన్స్ టీచర్ మంచివాడంటున్నారు పిల్లలు. రేటింగ్ ఊసు మన గ్రూపులో సెప్టెంబరు తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఇక వచ్చే ఏడాది. హైస్కూల్ గీతలు మళ్లీ చూస్తారన్న మాట నడుస్తోంది. ఈసారి కమిటీ దరఖాస్తు తెరవగానే ఇద్దరం పెడతాం, ఒకరు ఉత్తరం వైపు నుంచి, ఒకరు దక్షిణం వైపు నుంచి. ట్రస్టీల ఎన్నికల్లో మనలో చాలామందికి ఓటు లేదు, మీటింగ్‌లో మాట్లాడడానికి మాత్రం పౌరసత్వం అడగరు, సంకోచించకండి. ఓటున్నవాళ్లు మేలో వెళ్లి వెయ్యండి. బస్సు దరఖాస్తు వసంతంలో మళ్లీ పెడుతున్నాం, వీడియో తీయడానికి పొద్దున్నే లేచేవాళ్లు నలుగురు కావాలి.

కార్‌పూల్‌లో మంగళవారం, గురువారం సాయంత్రాలకి డ్రైవర్ లేరు. ఏడు సీట్ల బండి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఆదివారం లోపు చెప్పండి.

మీ కార్యదర్శి