సైబర్ సెక్యూరిటీ పిల్లలకు కంపైలర్లు అక్కర్లేదా?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ బ్రాంచికి మంచి గిరాకీ ఉంది. పిల్లలు అటు వస్తున్నందుకు నాకు సంతోషమే. ఆ బ్రాంచికి కంపైలర్ల (మనం రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ల) సబ్జెక్టు అక్కర్లేదనే మాటే బాధపెడుతోంది. నేను చివరగా పనిచేసిన కాలేజీలో, సిలబస్ మీటింగులో దాన్ని ఎలెక్టివ్ చేసేద్దామన్నారు. "ఈ రోజుల్లో కంపైలర్లు ఎవరు రాస్తారు సార్?" అని అడిగారు. రాయకపోయినా, అది మన ప్రోగ్రాంను ఏం చేస్తుందో తెలియాలి కదా!

ల్యాబులో నేను చేయించే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. సీ భాషలో పాస్‌వర్డ్ తీసుకుని, సరిచూసి, పని కాగానే ఆ మెమరీని మెమ్‌సెట్ అనే ఫంక్షన్‌తో సున్నాలు చేసేస్తుంది. చూడ్డానికి జాగ్రత్తగా రాసిన కోడే. జీసీసీ అనే కంపైలర్‌లో ఆప్టిమైజేషన్ (వేగం కోసం కోడ్‌ను మెరుగుపరచడం) లేకుండా కంపైల్ చేసి, అది ఇచ్చిన అసెంబ్లీ (యంత్రభాషకు దగ్గరి రూపం) తెరిస్తే మెమ్‌సెట్ కాల్ కనబడుతుంది. ఓ2 అనే ఆప్టిమైజేషన్ స్థాయి పెట్టి కంపైల్ చేస్తే మాయం. సున్నాలు చేశాక ఆ వేరియబుల్‌ని ఎవరూ చదవడం లేదు కాబట్టి, ఆ లైను దండగని కంపైలర్ తీసేస్తుంది. భాష నియమాల ప్రకారం దాని తప్పేమీ లేదు. పాస్‌వర్డ్ మాత్రం మెమరీలో అలాగే పడి ఉంటుంది. సోర్స్ కోడ్ మాత్రమే చూస్తే ఈ సంగతి అంతుపట్టదు. ఇలా జరగకుండా ఉండేందుకే సీ భాష సీ23 ప్రమాణంలో మెమ్‌సెట్ ఎక్స్‌ప్లిసిట్ అనే ఫంక్షన్ చేర్చారు.

నేను ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో కంపైలర్ అంటే మాకు వేగమే లోకం. లూపు ఎంత కుదించాం, రిజిస్టర్లు ఎలా సర్దాం, ఇవే కబుర్లు. నన్ను సెక్యూరిటీ వైపు తిప్పింది 2009లో లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం)లోని టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో బయటపడ్డ లోపం. అందులో పాయింటర్‌ను (మెమరీ చిరునామాను) ముందు వాడేసి, అది నల్ (ఖాళీ) అవునో కాదో తర్వాత చూశారు. వాడేశారంటే నల్ అయ్యుండదని జీసీసీ తేల్చుకుని ఆ తనిఖీనే ఎత్తేసింది. మామూలు యూజర్ రూట్ అధికారం (సిస్టమ్ మొత్తం మీద పెత్తనం) సంపాదించడానికి దారి దొరికింది. క్లాసులో నేను ఎంతో ఇష్టంగా చెప్పే ఆప్టిమైజేషనే అది!

ఇక కంపైలర్‌నే కల్తీ చేస్తే? యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ ప్రమాదాన్ని వివరించారు. 2015లో చైనాలో దీనికి దగ్గరి సంగతే జరిగింది. ఎక్కడెక్కడినుంచో కల్తీ ఎక్స్‌కోడ్ (ఆపిల్ యాప్‌లు తయారుచేసే టూల్) దించుకున్న డెవలపర్ల యాప్‌లు, వాళ్లకే తెలియకుండా సోకిన కోడ్‌తో ఆపిల్ యాప్ స్టోర్‌కి ఎక్కాయి.

రక్షణ కూడా చాలావరకు కంపైలర్ దగ్గరే ఉంది. తాము సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. స్టాక్ (ఫంక్షన్లు వాడే మెమరీ) పొంగితే పట్టుకునే కానరీ, ప్రోగ్రాం నడిచేటప్పుడు మెమరీ తప్పుల్ని పట్టే అడ్రస్ శానిటైజర్, రస్ట్ భాషలో మెమరీ తప్పుల్ని కంపైల్ దశలోనే ఆపే బారో చెకర్, ఇవన్నీ కంపైలర్ల వాళ్ల పనే. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో ఎల్ఎల్‌వీఎం (కంపైలర్లు కట్టడానికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) మీద పరిశోధన జరుగుతోంది. చిప్ కంపెనీల కంపైలర్ టీముల్లో మా పాత విద్యార్థులున్నారు. అంత దగ్గర్లో ఇంత పని పెట్టుకుని, మన పిల్లలకు నాలుగు టూల్స్ నడపడం నేర్పి సెక్యూరిటీ నిపుణులని సర్టిఫికెట్ ఇస్తే ఎలా?

పిల్లలకు ఆ సబ్జెక్టంటే విసుగన్నది నిజమే. సీనియర్ల రికార్డు చూసి లెక్స్, యాక్ (కంపైలర్ భాగాలు తయారుచేసే పాత టూల్స్) ప్రోగ్రాములు దించేస్తే విసుగు రాక ఏమవుతుంది? ల్యాబు తీసేయకండి, మార్చండి. పైన చెప్పిన పాస్‌వర్డ్ ప్రోగ్రాంతో మొదలుపెట్టండి. దానికి మామూలు ల్యాబు కంప్యూటర్, ఉచితంగా దొరికే జీసీసీ చాలు.

కౌన్సెలింగ్‌కి ముందు కాలేజీలు చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మనవి. ఫీజు, ప్లేస్‌మెంట్లతో పాటు ఇదీ అడగండి: సైబర్ సెక్యూరిటీలో కంపైలర్ల ల్యాబు ఉందా, అందులో పిల్లలతో అసెంబ్లీ చదివిస్తారా?

– విశ్రాంత ఆచార్యుడు, కంప్యూటర్ సైన్స్,
తార్నాక, హైదరాబాద్