నా ఆపరేషన్ సంగతి, నీ ఆరోగ్యం సంగతి

అమ్మలూ,

మొన్న ఫోన్లో నా ఆపరేషన్ గురించి నువ్వు అడిగినవాటికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నన్ను చూడటానికొచ్చిన మీ పెద్దమామయ్య, అత్తయ్య పక్కనే కూర్చున్నారు. అలాంటప్పుడు బాగానే ఉన్నానని తప్ప ఏం చెబుతాం? పైగా చివర్లో నువ్వు గొంతు తగ్గించి అన్న మాట, బాబు పుట్టాక పరిగెడితే నీకూ నాలాగే కొంచెం మూత్రం లీక్ అవుతోందన్నది, అప్పటినుంచీ నా మనసులోనే ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది.

ముందు ఈ జబ్బు ఏమిటో చెబుతాను. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బిందె ఎత్తినా పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మూత్రసంచి నుంచి బయటికొచ్చే నాళం మూసుకుపోవాలి. మూసుకోవాలంటే దాని కింద గట్టి ఆధారం ఉండాలి. మిషిగన్‌లో జాన్ డెలాన్సీ అనే డాక్టరు 1994లో దీన్ని నీళ్ల పైపుతో పోల్చి చెప్పాడట. గట్టి నేల మీదున్న పైపును తొక్కితే నీళ్లు ఆగుతాయి. అదే బురదలో ఉంటే ఎంత తొక్కినా పైపు లోపలికి దిగుతుందే గానీ నీళ్లు ఆగవు. కాన్పులు, వయసు, అధిక బరువు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, ఇవన్నీ కలిసి ఆ అడుగునున్న కండరాలను, పొరలను వదులు చేస్తాయి. గర్భసంచి తీయించుకున్నవాళ్లలో తర్వాత ఇది వచ్చే అవకాశం ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో చిన్న వయసుకే గర్భసంచి తీసేసిన ఆడవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువ. నాకూ తీశారు కదా, నువ్వు ఇంటర్ చదివేటప్పుడు.

ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదు, నిజమే. కానీ బతుకును ఎంత కుదిస్తుందో పడ్డవాళ్లకే తెలుసు. బస్సెక్కాలంటే పొద్దున్నుంచీ నీళ్లు మానెయ్యాలి. పెళ్లిళ్లలో బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసుకుని ఆ దగ్గర్లో కూర్చోవాలి. మీ నాయనమ్మ ఆఖరి పదేళ్లూ గుడికి వెళ్లడమే మానేసింది, మడి నిలవదని. కాళ్ల నొప్పులని చెప్పేది అందరికీ. అసలు కారణం నాకొక్కదానికే చెప్పింది. ఆవిడ కాలంలో ఊళ్లో ఈ మాట వినే డాక్టరే లేడు. ఇప్పుడున్నారు. అయినా మన ఆడవాళ్లు వయసొచ్చింది కదా అని సర్దుకుపోతూనే ఉన్నారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నన్ను పరీక్షించిన డాక్టరమ్మ నేరుగా ఆపరేషన్ మాట ఎత్తలేదు. మూత్రం ఇన్ఫెక్షన్ పరీక్ష, స్కాన్, మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూడటం, మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగులుతోందో కొలవడం, అన్నీ అయ్యాయి. ఎన్నిసార్లు వెళ్తున్నానో, ఎప్పుడు లీక్ అవుతోందో ఒక పుస్తకంలో రాయించారు. ఎందుకంటే ఆపుకోలేనంత తొందరగా వచ్చి, బాత్రూమ్ చేరేలోపే పడిపోయే రకం ఇంకొకటి ఉంది. దానికి మందులు, వేరే వైద్యం. ఈ ఆపరేషన్ చేస్తే అది తగ్గదు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. ఈ తేడా తేల్చకుండా ఎవరైనా కత్తి పట్టుకుంటే అక్కడినుంచి లేచి రావడమే మంచిది.

మూడు నెలలు ఆ అడుగు కండరాలను బిగించే వ్యాయామాలు చేయించారు. నాకు కొంత తగ్గింది, కానీ చాలలేదు. అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం.

నువ్వు భయపడింది ఇక్కడే కదా, మెష్, అంటే ప్లాస్టిక్ జాలీ, వేస్తారేమోనని. నీ భయం ఉత్తినే పుట్టింది కాదు. టేప్ పద్ధతిని స్వీడన్‌లో ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ అనే డాక్టరు 1990లలో తెచ్చాడు. సెంటీమీటరు వెడల్పున్న పాలీప్రొపిలీన్ జాలీ పట్టీని మూత్రనాళం మధ్యభాగం కింద అమరుస్తారు. చిన్న కోతలు, అరగంట పని, చాలామంది ఆ రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు. 2001లో ఫ్రాన్స్‌లో డెలోర్మ్ అనే ఆయన దాన్నే తొడల లోపలి వైపునుంచి వేసే దారి చూపించాడు. అమెరికాలో 597 మంది ఆడవాళ్ల మీద ఈ రెండు దారులనూ పోల్చి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత రెండింట్లోనూ నూటికి 80 మందికి అటూఇటూగా పరీక్షలో లీక్ కనబడలేదు. అంటే పనిచేయని వైద్యమేమీ కాదు. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువగా చేసేది ఇదే.

కానీ కొందరికి ఆ జాలీ యోని గోడను ఒరుసుకుని బయటపడింది. కొందరికి తొడల్లో, పొత్తికడుపులో వదలని నొప్పి వచ్చింది. లోపల కండతో కలిసిపోయాక దాన్ని పూర్తిగా తీయడం చాలా కష్టం. మీ ఇంగ్లండ్‌లో ఆ ఆడవాళ్లు ఏళ్లపాటు పోరాడితేనే 2018 జూలైలో ఆ ఆపరేషన్లను నిలిపివేశారు. 2020లో దీని మీద విచారణ చేసిన జూలియా కంబర్లెజ్ కమిటీ ఇచ్చిన నివేదికలో నన్ను కదిలించింది ఒకటే. నొప్పి అని ఆడవాళ్లు చెబితే వినలేదని, అంతా మీ ఊహేనని పంపేశారని రాశారు. అమెరికాలో 2019లో అమ్మకం ఆపించింది మాత్రం గర్భసంచి, మూత్రసంచి కిందికి జారినప్పుడు వేసే పెద్ద మెష్‌లను. ఈ సన్నటి టేపును కాదు. రెండింటినీ ఒకటే అనుకుని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే విడదీసి చెబుతున్నాను.

నా ముందు మూడు దారులు పెట్టారు. ఒకటి ఈ టేప్. రెండోది 1961 నుంచీ ఉన్న బర్చ్ ఆపరేషన్, మూత్రసంచి మెడ పక్కనున్న భాగాన్ని పైకి లాగి కుట్టడం. మూడోది నా పొట్ట కండరాల మీదుండే తెల్లటి గట్టి పొరలోంచే ఒక పట్టీ కత్తిరించి మూత్రనాళం కింద ఆధారంగా పెట్టడం. నాళం చుట్టూ జెల్ ఇంజెక్షన్ చేసే పద్ధతి కూడా ఉందట. తేలికైనదే గానీ దాని ఫలితం వీటంత రాదని, మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చని అన్నారు.

నేను మూడోదే ఎంచుకున్నాను. నా శరీరంలోకి బయటి వస్తువు రాకూడదనిపించింది. అమెరికాలోనే 655 మందితో చేసి 2007లో ప్రకటించిన పరిశీలనలో, సొంత పొర పట్టీ వేసినవాళ్లలో రెండేళ్లకు దగ్గుతో వచ్చే లీక్ నూటికి 66 మందికి నయమైంది, బర్చ్‌లో 49 మందికి. అయితే ఆ పట్టీ వేయించుకున్నవాళ్లలోనే మూత్రం ఇన్ఫెక్షన్లు, మూత్రం సరిగా రాకపోవడం ఎక్కువగా కనిపించాయి. డాక్టరమ్మ ఆ రెండో మాట కూడా దాచలేదు. టేప్ కంటే కోత పెద్దది, కోలుకోవడం ఆలస్యం, కొంతకాలం గొట్టంతో మూత్రం తీసుకోవాల్సి రావచ్చు, సిద్ధమేనా అని అడిగింది. మీ నాన్నగారు టేపే మేలేమో, తొందరగా లేచి తిరుగుతావు అన్నారు. రెండు రోజులు ఆలోచించి నా మాటే ఖాయం చేశాను. ఇంకొకరికి టేపే సరైనది కావచ్చు. ఏది వేస్తున్నారో, తేడా వస్తే తీసే అనుభవం వాళ్లకుందో లేదో తెలుసుకుని ఒప్పుకోవాలి, నేననేది అంతే.

వెన్నులో మత్తిచ్చారు. సిజేరియన్‌కి కోసే చోటే కింద అడ్డంగా కోశారు. యోని లోపల ముందు గోడకి ఇంకో చిన్న కోత. పట్టీ పెట్టాక కెమెరా గొట్టంతో మూత్రసంచి లోపల గాయమేమైనా అయిందేమోనని చూశారు. పట్టీని బిగించి కట్టరు, వదులుగానే ఉంచుతారు. బిగిస్తే మూత్రం రావడమే ఆగిపోతుంది.

నాకు కష్టమైంది కోత నొప్పి కాదు. మూత్రం గొట్టం తీసిన రోజు. వార్డులో నీళ్లు తాగించి, మూత్రానికి వెళ్లమని, తర్వాత స్కాన్‌తో చూశారు. ధార సన్నగా వచ్చింది, లోపల చాలా మిగిలిపోయింది. మళ్లీ గొట్టం వేశారు. ఆ రాత్రి బాగా ఏడ్చాను, అమ్మలూ. లీక్ పోవాలని వస్తే అసలు రావడమే ఆగిపోయిందనిపించింది. ఒక నర్సమ్మాయి, నీకంటే చిన్నదే, పక్కన కూర్చుని ఈ ఆపరేషన్‌లో ఇది మామూలేనమ్మా, వాపు తగ్గితే వస్తుంది అని ధైర్యం చెప్పింది. సన్నటి గొట్టంతో నేనే తీసుకోవడం కూడా ఆ అమ్మాయే నేర్పింది. చేతులు సబ్బుతో కడుక్కోవడం దగ్గర్నుంచి ఓపిగ్గా చూపించింది. ఇంటికొచ్చాక కొన్ని వారాలు అలాగే గడిచింది. మిగిలేది రోజురోజుకీ తగ్గుతూ వచ్చి, ఆఖరికి ఇక గొట్టం అక్కర్లేదన్నారు. ఆ మాట విన్నాకే నాకు కంటినిండా నిద్ర పట్టింది.

ఇంట్లో యుద్ధం వేరే. మీ పిన్ని వచ్చి పప్పు పెడితే కుట్లకు చీము పడుతుందంది, వంకాయ వద్దంది, నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు ఉబ్బుతాయంది. ప్రేమతోనే అంటుంది, తెలుసు. కానీ ఈ ఆపరేషన్‌కి ఆ పథ్యం పెట్టారంటే మలబద్ధకం వస్తుంది, ముక్కితే ఆ ఒత్తిడంతా కొత్త కుట్ల మీదే పడుతుంది. డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. పప్పు, ఆకుకూరలు, పండ్లు, సరిపడా నీళ్లు అన్నీ ఇవ్వండి, రాత్రిపూట ఇసబ్‌గోల్ ఇవ్వండి అని ఆవిడే పిన్నికి చెప్పింది. ఆ తర్వాత నుంచి పిన్నే పొద్దున్నే జామకాయ కోసి తెచ్చి పెట్టేది.

ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. నీళ్ల బిందె, తడి బట్టల బకెట్, బియ్యం బస్తా జరపడం, మీ అన్నయ్య కూతుర్ని ఎత్తుకోవడం, ఏదీ కాదు. గొంతుక్కూర్చోవడం కూడా వద్దన్నారు, అందుకని కమోడ్ ఉన్న బాత్రూమే వాడాను. భార్యాభర్తల కలయిక కూడా ఆరు వారాల దాకా ఆపమన్నారు. రోజూ కాసేపు మెల్లగా నడవాలి, పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. జ్వరమొచ్చినా, మూత్రం పూర్తిగా ఆగినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా, రక్తం ఎక్కువైనా, పిక్క వాచి నొప్పి పుట్టినా వెంటనే రమ్మని చెప్పి పంపారు. వంటిల్లు మీ నాన్నగారు, వదిన చూసుకున్నారు. ఆయన చారు పెట్టడం నేర్చుకున్నారు, బాగుంది కూడా. చాలామంది ఆడవాళ్లకు ఆపరేషన్ చక్కగా జరిగినా ఈ ఆరు వారాలు దక్కవు. పదో రోజుకే బిందె ఎత్తాల్సి వస్తుంది. ఆపరేషన్‌కి డబ్బు కూడబెట్టినట్టే ఇంట్లో ఈ రోజులను కూడా ముందే కూడబెట్టుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు దగ్గినా తుమ్మినా ఏమీ కావడం లేదు. అప్పుడప్పుడూ తొందరగా వచ్చినట్టుంటుంది. అది కొత్తగా మొదలైంది, కొందరికి ఇలా అవుతుందట, దానికి ఒక మాత్ర వాడుతున్నాను. అయినా మొన్న సత్తెనపల్లి పెళ్లికి బస్సులో నీళ్ల సీసా పట్టుకుని వెళ్లాను.

ఇక నీ సంగతి. నీకు ఇప్పుడు ఆపరేషన్ ఆలోచనే వద్దు. ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నావు కదా, పిల్లలు చాలనుకున్నాకే చేయడం మంచిదంటారు. కాన్పయ్యాక చాలామందికి ఇది వ్యాయామంతోనే తగ్గుతుంది. 1948లోనే ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు చెప్పిన వ్యాయామాలివి. గాలి పోకుండా, మూత్రం రాకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగుస్తాయో వాటినే లోపలికీ పైకీ బిగించాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. రోజుకు మూడు పూటలా కనీసం 8 సార్లు చొప్పున, మూడు నెలలు. మీ దేశంలో డాక్టర్లకిచ్చే మార్గదర్శకాల్లో ఉన్నదీ ఇదే. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి రోజూ సాధన చేయకు, అది మంచిది కాదు. దగ్గు వస్తోందనిపించగానే ముందే బిగించడం అలవాటు చేసుకో, అదే చాలావరకు కాపాడుతుంది. లీక్ అవుతుందని నీళ్లు తగ్గించొద్దు, మూత్రం చిక్కబడి మంట, తొందర ఇంకా పెరుగుతాయి. కాన్పులో పెరిగిన బరువు కొంచెం తగ్గినా తేడా కనబడుతుంది.

ఒంటరిగా చేసేవాళ్లలో చాలామంది పైకి బిగించబోయి కిందికి ముక్కుతారట. అందుకే దీనికోసమే ఉండే ఫిజియోథెరపిస్ట్ చేత ఒకసారి పరీక్ష చేయించుకో. అక్కడ మీ జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టరుకి, చెబితే పంపిస్తారు. సిగ్గుపడకు. పిల్లవాణ్ని కన్నావు, దానివల్ల వచ్చిన ఇబ్బంది ఇది. అల్లుడుగారికి కూడా చెప్పు. బాబు బరువు, సూట్‌కేసులు, సూపర్ మార్కెట్ సంచులు కొన్నాళ్లు ఆయనే మోయాలి.

అపాయింట్‌మెంట్ తేదీ రాగానే నాకు మెసేజ్ పెట్టు. పరీక్ష చేసి ఏమన్నారో వివరంగా రాయి. వచ్చే నెల నా చెకప్ ఉంది, నీ తరఫున అడగాల్సినవుంటే డాక్టరమ్మను అడుగుతాను. బాబుకు ముద్దులు.

మీ అమ్మ