కూల్చకండి, సున్నంతో బాగుచేయించండి

మున్సిపల్ కమిషనర్ గారికి,

బజారు వీధిలోని పాత కొట్ల మేడ కూల్చి కాంప్లెక్స్ కడతారని విన్నాం. ఒకసారి లోపలికెళ్లి తలెత్తి చూడండి. టేకు దూలాల మీద ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో కట్టిన మద్రాసు టెర్రస్ అనే పాతకాలపు పైకప్పు అది. ఒకప్పుడు కింద ధాన్యం కొట్లు, పైన యజమాని కాపురం. తర్వాత బట్టల షాపులు, ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేర్లు. చెక్క పలకల తలుపులు పోయి షట్టర్లు రావడం మాత్రం నాకు నచ్చలేదు.

గోడలు చెమ్మగిల్లాయంటున్నారు. సున్నం గోడకు సిమెంట్ పూస్తే తడి బయటికి పోయే దారేదండీ?

హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహీ మార్కెట్ నుంచి పండ్ల వ్యాపారం ఎప్పుడో తరలిపోయింది. అయినా కూల్చలేదు, బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు.

టెండర్‌కు ముందు పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరుతో తనిఖీ చేయించి, ఆ రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టండి. ఈలోపు అద్దెదారులను ఖాళీ చేయించకండి.

ఇట్లు,
బజారు వీధి వాసి