పందెం పెంచాలా, ఒకేలా ఉంచాలా అని అడిగావుగా

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెబితే మధ్యలో వంద ప్రశ్నలేస్తావని కూర్చుని రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదువు. బ్లాక్‌జాక్‌లో, అంటే డీలర్‌తో పోటీపడి 21కి దగ్గరగా వెళ్లే ఆ పేకాటలో, పందేలకి మీ ఆఫీసాయన చెప్పిన "ఓడినప్పుడల్లా డబుల్ చెయ్, ఒక్కటి గెలిస్తే అంతా వెనక్కొచ్చేస్తుంది" అనే చిట్కాని ముందు కాగితం మీద వేసి చూడు. అట్లాంటిక్ సిటీ కాసినోలో కనీస పందెం 15 డాలర్లు, గరిష్ఠం 500 ఉన్న టేబుల్ అనుకుందాం. 15, 30, 60, 120, 240, 480. వరసగా ఆరు పోతే 945 గోవిందా, ఏడోది 960 పెట్టాలి, టేబుల్ ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఆ 960 పెట్టేది దేనికి, గెలిస్తే చివరికి మిగిలేది 15 డాలర్లేగా! ఆరు వరసగా పోవడం అరుదేం కాదు, సుమారు నలభై సార్లు మొదలుపెడితే ఒకసారి తగులుతుంది.

గెలిచినప్పుడు పెంచుకుంటూ పోయే పద్ధతైతే ఇంత ప్రాణాంతకం కాదు, కానీ లాభమూ లేదు. నువ్వు గెలిచావా ఓడావా అన్నదానికీ తర్వాతి ఆటకీ దాదాపు సంబంధం లేదు. అలాగని బ్లాక్‌జాక్ ప్రతిసారీ కొత్తగా తిరిగే రూలెట్ చక్రం లాంటిదీ కాదు, ఎందుకంటే వాడేసిన ముక్కలు మళ్లీ కలిపేదాకా షూలోకి, అంటే డీలర్ ముక్కలు తీసే పెట్టెలోకి, తిరిగి రావు. ఆసులు, పదులు, బొమ్మలు ఎక్కువ మిగిలుంటే మనకి మంచిది, చిన్న ముక్కలు మిగిలుంటే డీలర్‌కి మంచిది. పందెం దాన్ని చూసి పెంచాలి గానీ మన జేబు చూసి కాదు.

బయటికొచ్చిన ముక్కల్ని లెక్కపెట్టే పద్ధతి, అదే కౌంట్, నీకు తెలిసిందే, 2 నుంచి 6 వరకు వస్తే ఒకటి కలుపు, పది, బొమ్మ, ఆసు వస్తే ఒకటి తీసెయ్, 7, 8, 9 వదిలెయ్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆరు డెక్‌ల షూలో లెక్క +12 అయింది, ఇంకా నాలుగు డెక్‌లు మిగిలున్నాయి అనుకో, పన్నెండుని నాలుగుతో భాగించు, +3. అదీ అసలు కౌంట్. ఒక్కో అంకెకి సుమారు అర శాతం మన వైపు జరుగుతుంది, మొదట్లో అర శాతం మనకి వ్యతిరేకం కాబట్టి +3 దగ్గర ఒక శాతం మనది. ఒక్క శాతమేరా! అందుకే దగ్గర పదివేలున్నవాడు కూడా అక్కడ 40 డాలర్లకి మించి పెట్టడం నాకైతే దుడుకుతనమే.

ఇక ఎప్పుడూ ఒకే పందెం సంగతి. సరదాకి ఆడేవాడికి అంతకంటే మంచిది లేదు, ఆట పద్ధతి తప్పకపోతే 15 చొప్పున గంటకి అరవై ఆటలాడినా సగటున నాలుగున్నర డాలర్లు పోతాయి, కాఫీ ఖర్చు. కానీ కౌంట్ చేసేవాడు మొదటినుంచీ కూర్చుని అలాగే ఆడితే ఆ బుర్రవేడి అంతా దండగ, ఎందుకంటే చెడ్డ కౌంట్లే ఎక్కువసేపు ఉంటాయి. ఒకే పందెంతో గెలవాలంటే వెనక నిలబడి లెక్కపెట్టి, కౌంట్ బాగున్నప్పుడే కూర్చోవాలి. కొన్ని టేబుళ్ల దగ్గర మధ్యలో రావద్దని బోర్డు పెడతారులే, వాళ్లేం అమాయకులా.

గెలిచినప్పుడు పెంచే పద్ధతి వల్ల ఒక్క ఉపయోగం ఉంది, వేషానికి. గెలిచిన చిప్స్ అలాగే మళ్లీ నెట్టేస్తుంటే టేబుళ్ల మీద నిఘా ఉంచే పిట్ బాస్ కంటికి మామూలు జూదగాడిలా కనిపిస్తావు, అయితే కౌంట్ కూడా బాగున్నప్పుడే అలా నెట్టాలి. అట్లాంటిక్ సిటీ ఉన్న న్యూజెర్సీలో, పేరుమోసిన కౌంటర్ కెన్ ఉస్టన్ వేసిన కేసులో 1982లో తీర్పొచ్చాక కౌంట్ చేస్తున్నావని నిన్ను బయటికి పంపలేరు, కానీ ముక్కలు తొందరగా కలిపేస్తారు, పందెం తగ్గించమంటారు. నెవాడాలో అయితే నేరుగా లేవమంటారు.

ఇవన్నీ పక్కన పెట్టి ముందు టేబుల్ గుడ్డ మీద ఏం రాసుందో చదువు. 3కి 2 అని ఉంటే 15 మీద బ్లాక్‌జాక్‌కి, అంటే మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ, పదో బొమ్మో పడితే, 22.50 వస్తుంది, 6కి 5 అని ఉంటే 18 మాత్రమే. అలాంటి చోట ఏ లెక్కా నిన్ను కాపాడదు, పక్క టేబుల్‌కి పో. నువ్వొచ్చే శనివారం వీలైతే ఇంట్లోనే ఆరు డెక్‌లు కలిపి నీ కౌంట్ చూస్తా, తర్వాతే కారు తీద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఉంటా,
రాజు