ఆ కణాలు ఇమ్యూనిటీని పెంచేవి కావు

సంపాదకులకు నమస్కారం.

వైద్యంలో 2025 నోబెల్ గురించి మీ జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్తకు సవరణ వేస్తారేమోనని ఇన్ని రోజులు ఆగాను. వేయలేదు. ‘రోగనిరోధక శక్తిని పెంచే కణాలు’ కనిపెట్టినందుకు ముగ్గురికి బహుమతి అని రాశారు. అసలు సంగతి పూర్తిగా తలకిందులు. షిమోన్ సకగుచి 1995లో చూపించిన రెగ్యులేటరీ టి కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) మన రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే విరుచుకుపడకుండా ఆపేవి. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్నారు. ఈ కణాలు తయారవడానికి కీలకం ఆ జన్యువే. అది చెడితే ఎలుకల్లోనైనా పసి మగపిల్లల్లోనైనా సొంత అవయవాల మీదే దాడి మొదలవుతుంది.

అలిపిరిలో ఎంత సోదా చేసినా కొండ మీద మళ్లీ నిఘా పెట్టరా? టి కణాలు ఎదిగే థైమస్ గ్రంథిలో వడపోతను తప్పించుకుని వచ్చిన దుడుకు టి కణాలను బయట అదుపు చేసేవి ఇవే. వీధికో నీట్ కోచింగ్ ఉన్న ఊళ్లో, అచ్చుకు పోయేముందు ఒక్క ఇంటర్ పిల్లాడిని అడిగినా సరిపోయేది!

పైగా ఆ వార్త కిందే ఇమ్యూనిటీ పొడి ప్రకటన. మా ఇంటావిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేసే జబ్బు. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. అది ఇమ్యూనిటీ జోరు తగ్గించడానికిచ్చే మందు. మా బావమరిది మీ పేపర్ పట్టుకొచ్చి, ‘అక్కా, నీకు ఇమ్యూనిటీ లేకే ఈ నొప్పులు, నోబెల్ వాళ్లే చెప్పారు’ అని ఓ డబ్బా చేతిలో పెట్టాడు. ఆవిడ మాత్ర మానేసి పొడి మొదలుపెట్టింది. వేళ్లు వాచి జడ వేసుకోవడం కూడా కష్టమయ్యాక గానీ నాకు చెప్పలేదు. అచ్చులో వచ్చిందంటే నిజమేననుకునే తరం మాది మరి.

కీళ్లవాతం, లూపస్ (ఇదీ సొంత ఒంటి మీద దాడి జబ్బే) లాంటివి నయం చేస్తామని ప్రకటనలివ్వకూడదని 1954లోనే చట్టం వచ్చింది. లీలామహల్ సర్కిల్ వైపు వెళ్లి తలెత్తి చూడండి, ఆ చట్టం ఎంత బాగా అమలవుతోందో తెలుస్తుంది. పూలమ్మే ముసలమ్మ బుట్ట జానెడు ముందుకు జరిగితే పరుగెత్తుకొచ్చే అధికారులకు అంతెత్తు హోర్డింగులు కనబడవు. అడిగితే ‘అది మా శాఖ కాదు’. ఏ శాఖదో చెప్పే శాఖ కూడా ఉన్నట్టు లేదు.

సవరణ వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. చోటు చాలకపోతే ఈసారికి పొడి ప్రకటన ఆపండి.

— ఒక పాఠకుడు, రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి